గాలి కదలని గది

ఆ వేసవిలో నేను నేల మీద నడవలేదు. కప్పు మీద నడిచాను.

నవ్వితే నవ్వండి. మంచానికి కాళ్ళవైపు ఇటుకలు ఎత్తుపెట్టి, తల పల్లానికి ఉండేలా వెల్లకిలా పడుకోబెట్టి, "కాన్పు దాకా కాలు కింద పెట్టడానికి వీల్లేదు" అని డాక్టరమ్మ చెప్పి వెళ్ళిపోతే, ఎవరికైనా మిగిలేది కప్పే. మేముండేది విజయవాడ వన్ టౌన్‌లో, పసుపు కొమ్ముల గోడౌను మీద అద్దె వాటాలో. ఒకప్పుడు పైన కూడా బస్తాలు పేర్చేవాళ్ళట, అందుకని కప్పు బాగా ఎత్తు. టేకు దూలాలు, వాటి మధ్య సున్నం, నడుమ ఒక పొడుగాటి ఇనప గొట్టానికి వేలాడే ఫ్యాను. కళ్ళు సగం మూసి కాసేపు అలాగే చూస్తే గది మెల్లగా తిరగబడేది. దూలాలు గడపలయ్యేవి. నేను చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఒక్కో గడపా దాటుకుంటూ, పెచ్చులూడిన చోట కాలు వేయకుండా, ఫ్యాను చుట్టూ తిరిగి అవతలి గోడ దాకా వెళ్ళొచ్చేదాన్ని. అక్కడ చల్లగా ఉండేది. అక్కణ్ణించి చూస్తే మంచానికి అతుక్కుని జుట్టు రేగిన ఆడమనిషి ఒకత్తి కనిపించేది. ఆవిడతో నాకు పని ఉండేది కాదు.

నా పేరు సంపూర్ణం, లెక్కల టీచర్ని. ఆడపిల్లల హైస్కూల్లో నేను వరండా వెంట వస్తుంటే పిల్లలు గోడకి ఒత్తుకుని నిలబడేవాళ్ళు. అలాంటి మనిషిని మూడో నెల నుంచీ మంచానికి కట్టిపడేస్తే ఏమవుతుంది? నోరు పెరుగుతుంది. పాలవాడి మీద అరిచాను, కింద బస్తాలు దించే హమాలీల మీద అరిచాను, ఆఖరికి కిటికీలో వాలిన పావురం మీద కూడా అరిచాను.

అంతకు ముందు రెండుసార్లు పోయింది. ఒకటి నాలుగో నెల దాటాక, ఇంకొకటి ఐదో నెల్లో. రెండూ కడుపులో ఒక్కసారి కూడా కదలకుండానే పోయాయి. ఇప్పుడు ఆరో నెల నడుస్తోంది, ఇదీ కదల్లేదు. పొద్దున్నే మా అత్తగారు మార్తమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి అడిగే మొదటి మాట, "కదిలిందా?" బట్టలు ఆరేసుకోవడానికి వచ్చిన పక్క వాటా ఆవిడ, "కదిలిందా?" చర్చి నుంచి చూడ్డానికి వచ్చిన ఆడవాళ్ళు ప్రార్థన చేసుకుని, కళ్ళు తెరిచి, "కదిలిందా అమ్మా?" లేదు, లేదు, లేదు. చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది, విసుగు వెనకాల భయమూ వచ్చింది. అందుకే నేను పేరు అనుకోలేదు, ఊలు దారం ముట్టుకోలేదు. కడుపులో ఉన్నదాన్ని మనసులో కూడా 'అది' అనే అనుకునేదాన్ని.

అడగనిది ఒక్క మా ఆయనే. ఆయన పేరు సొలొమోను, కాలువల ఆఫీసులో ట్రేసరు. పగలంతా ఇంజినీర్లు గీసిన కాలువల్నీ లాకుల్నీ పల్చటి కాగితం మీదకి ఎక్కిస్తారు. నేను పది మాటలంటే ఆయన ఒకటి అంటారు, అదీ వాయిదా వేసి. ఒక సాయంత్రం ఉండబట్టలేక నా కప్పు షికార్ల సంగతి ఆయనకి చెప్పేశాను. ఇంకొకరైతే జ్వరం వచ్చిందేమోనని నుదురు పట్టుకుని చూసేవాళ్ళే.

"అక్కడ నీకు తోడెవరూ లేరా?" అన్నారాయన.

"ఎవరుంటారండీ? బల్లి ఒకటుంది, అదీ నన్ను చూసి పారిపోతుంది."

మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ వస్తూ బెండు కట్ట తెచ్చారు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఇది డెబ్భై ఎనిమిది సంగతి. అంతకు ముందు నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు, తెగిన గట్ల లెక్క తీయడానికి ఆఫీసు వాళ్ళు ఈయన్ని చల్లపల్లి వైపు పంపారు. ఆయన పుట్టింది అటే. వారం తర్వాత ఇంటికొచ్చి, అక్కడ చూసిన శవాల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. అన్నం పొట్లాలు వేసిన హెలికాప్టరు గురించి మాత్రం చెప్పారు. "ఒక్కచోటే నిలబడింది సంపూర్ణం, గాల్లో. పడకుండా, పోకుండా, అలాగే నిలబడింది." కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి. ఎయిర్ వింగులో చేరి రబ్బరు విమానాలు చేసిన చెయ్యి కనుక, అప్పట్నుంచీ ఆ చెయ్యి ఊరుకోలేదనుకుంటాను. దానికో వంక కావాలి, నా కప్పు దొరికింది.

బెండు పెళ్ళి బాసికాలు అమ్మే కొట్లోది. మా వైపు మురుగు కాలవల్లో పెరిగే జీలుగు కాడల లోపలి గుజ్జు అది. చేతిలో పెట్టుకుంటే పెట్టుకున్నట్టే ఉండదు. దాన్ని పాత బ్లేడుతో కాగితమంత పల్చగా కోసి రెక్కలు చేశారు. రెక్కలు తగిలించే చిన్న బిళ్ళ కోసం ఒక ఆదివారం కొండపల్లి వెళ్ళి, బొమ్మలు చేసేవాళ్ళ దగ్గర పొణికి చెక్క తెచ్చారు. చీపురుపుల్లంత వెదురు పుల్ల. దాని పైకొసన తిరిగే రెక్కలు ఒక జత, కింది కొసన పుల్లకే అతికించిన రెక్కలు ఒక జత. మధ్యలో రబ్బరు. రబ్బరు మెలితిప్పి వదిలితే పై రెక్కలు ఒకవైపు తిరుగుతాయి, పుల్లతో సహా కింది రెక్కలు ఇంకోవైపు తిరుగుతాయి. అంతే హెలికాప్టరు.

అంతే అని ఇప్పుడంటున్నాను. మొదటిసారి వదిలినప్పుడు అది గిరగిరా తిరుగుతూ పోయి మా అత్తగారి కాఫీ గ్లాసులో పడింది. సైకిలు ట్యూబు కోసిన రబ్బరు మరీ బరువు. ఆస్పత్రిలో చేతికి బిగించే రబ్బరు గొట్టం చీల్చి, పేటలు ఒరుసుకోకుండా ఆముదం రాసి వేశారు. అప్పుడు కాస్త బలంగా తిరిగింది, కానీ లేవలేదు. గోడకి కొట్టుకోవడం, మంచం కిందికి దూరడం, ఇదే వరస.

"ఫ్యాను," అన్నాను నేను. "ఫ్యాను తోసేస్తోంది దాన్ని. ఫ్యానాపి చూడండి."

అలా మొదలయింది మా ఇంట్లో యుద్ధం. బెజవాడలో, రోహిణి కార్తె వస్తుండగా, చుట్టూ కొండలు పొయ్యిరాళ్ళలా కాలుతుంటే, కడుపుతో ఉన్న కోడలి మీద ఫ్యాను ఆపుతానంటే ఏ అత్తగారు ఊరుకుంటుంది?

"నీకేమన్నా మతి ఉందంట్రా సొలొమోనూ? పిల్లని ఉడకేసి చంపుతావా?"

"నేనే ఆపమన్నాను అత్తయ్యా."

"నువ్వంటే వాడు ఇనాలా? నీ బుద్ధీ వాడి బుద్ధీ కలిసి ఒకటైతే ఇంక ఈ ఇల్లు బాగుపడ్డట్టే." తాటాకు విసనకర్ర తీసుకుని నా పక్కన కూర్చుంది. ఆ విసనకర్ర కూడా ఆపమన్నాను. మా అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు, ఉదయం ఆ ఒక్క ప్రశ్న తప్ప.

చివరికి కరెంటు ఆఫీసు వాళ్ళే మా మధ్య రాజీ కుదిర్చారు. సాయంత్రం ఆయన ఇంటికొచ్చే వేళకి రోజూ కరెంటు పోయేది. వీధి వీధంతా వాళ్ళని తిట్టుకుంటూ అరుగుల మీదికి వచ్చేసేది. ఆ చప్పుడు వినగానే నాకు పండగ. కిటికీలు మూసేయమనేదాన్ని. ఫ్యాను రెక్కలు ఆగి, కర్టెను గుడ్డ ఆగి, గది మొత్తం ఊపిరి బిగబట్టినట్టయ్యేది. పడమటి కిటికీ చెక్కలో చిన్న సందు ఒకటుంది. అందులోంచి ఎండ ఒక్క చారగా లోపలికి పడేది. ఆ చారలో పసుపు ధూళి. కింద గోడౌన్లోంచి పగలంతా పైకి లేచిన పొడి, ఏ తొందరా లేకుండా, ఎక్కడికీ వెళ్ళకుండా తేలుతూ ఉండేది. దాన్ని చూస్తుంటే నాకు భయం పోయేది. ఒక్కోసారి నిద్రో మెలకువో తెలిసేది కాదు.

గాలి ఆగింది కానీ హెలికాప్టరు మాత్రం లేవలేదు. అసలు దాని రెక్కలు ఎంత బరువు ఎత్తగలవో తెలియకుండా ఎన్నిసార్లు వదిలితే మాత్రం ఏం లాభం? తూచాలన్నాను. మరీ తేలికైన వస్తువు, కూరగాయల తక్కెడకి అందదు. ఎదురు సందులో బంగారం పని చేసే బసవయ్య ఆచారిగారిని అడిగారు మా ఆయన. త్రాసు ఇంకొకరి చేతికి ఇవ్వడం ఆయన ఇంటా వంటా లేదు. అందుకని చెక్కపెట్టెలో పెట్టుకుని, గురిగింజల డబ్బాతో సహా ఆయనే మెట్లెక్కి వచ్చాడు.

గదిలోకి రాగానే ఆగి చుట్టూ చూశాడు. "ఆహా," అన్నాడు. "ఏం గదండీ! ఒక్క పిసరు గాలి లేదు." బంగారం పొడి ఎగిరిపోతుందని ఆ పని చేసేవాళ్ళు జన్మలో ఫ్యాను వేసుకోరు. ఊళ్ళో అందరూ మా గదికి వచ్చి విసురుకుంటూ పారిపోతుంటే ఆయన ఒక్కడే హాయిగా బాసిపట్టు వేసుకుని కూర్చున్నాడు. మా అత్తగారు ఆయన్ని వింతగా చూసింది.

త్రాసుని నా మంచం పక్కనే స్టూలు మీద నిలబెట్టారు. ఒక పళ్ళెంలో హెలికాప్టరుని మైనంతో అతికించి, రెండో పళ్ళెంలో దానికి సరిపడా గురిగింజలు వేశారు. తూకం నిలిచింది. రబ్బరు మెలితిప్పి వదిలారు. రెక్కలు జోరుగా తిరిగాయి. హెలికాప్టరు పళ్ళెం పైకి లేవాలి కదా, లేవలేదు. వణికింది, అంతే.

"ఎత్తటం లేదండి," అన్నాడు బసవయ్యగారు, బంగారంలో రాగి కనిపెట్టిన మనిషిలా విచారంగా.

ఇంకా మెలికలు వేశారు. రెక్కలు ఇంకా జోరుగా తిరిగాయి. పళ్ళెం ఇంకా వణికింది. మా ఆయన మొహం చిన్నబోయింది. ఆ మొహం చూడలేక నేను తల పక్కకి తిప్పాను. తిప్పితే నా కళ్ళు సరిగ్గా పళ్ళెం ఎత్తుకి వచ్చాయి. అప్పుడు కనిపించింది. రెక్కల కింద పసుపు ధూళి సూటిగా దిగి, పళ్ళేనికి కొట్టుకుని, చుట్టూ చిందుతోంది.

"అది తన పళ్ళాన్నే తను ఊదుకుంటోందండీ! పైకి లాగినంతా కిందికి తోస్తోంది. తన బుట్టలో తను కూర్చుని బుట్టని పైకి లాగబోతే లేస్తుందా?"

"మరి?" అన్నారు ఇద్దరూ.

తల పల్లానా కాళ్ళు మిట్టనా పడుకున్న మనిషికి ఆ జవాబు తట్టడం గొప్పేమీ కాదు. "తలకిందులుగా కట్టండి. ఆ పళ్ళెం తీసేసి, దాని తోకకి దారం కట్టి, త్రాసు కాడకి వేలాడదీయండి. అప్పుడది కిందికి లాగుతుంది, గాలి పైకి పోతుంది. ముందు ఊరికే తూచండి. తర్వాత తిప్పి తూచండి. తిరిగేటప్పుడు ఎన్ని గింజలు ఎక్కువ పడితే అంత బలం ఉన్నట్టు. దాని బరువుకన్నా ఆ బలం ఎక్కువుంటే ఎగురుతుంది, లేకపోతే లేదు."

బసవయ్యగారు నన్ను చూసి, పైకి చూసి, మళ్ళీ నన్ను చూశాడు. అలాగే కట్టారు. ఈసారి త్రాసు నిజం చెప్పింది. దాని బరువులో సగం బలమే ఉంది.

సగం! నాకెంత సంతోషమయిందో. ఏమీ తెలియకపోవడం కన్నా సగం అని తెలియడం ఎంత మేలో లెక్కలు చెప్పేవాళ్ళకి తెలుస్తుంది.

ఆ తర్వాత రోజులన్నీ కలిసిపోయి ఒక్క పొడుగాటి సాయంత్రంలా ఉన్నాయి నాకు. ఆయన రెక్కలు కోసేవారు, కెటిలు ఆవిరి మీద పట్టి వంపు తిప్పేవారు, నేను పడుకుని ధూళి చూసేదాన్ని. వంపు ఎక్కువైతే రెక్కలు గాలిని కొడతాయి తప్ప తోయవు, ధూళి పక్కలకి చెదిరిపోతుంది. వంపు తక్కువైతే ఊరికే కోసుకుంటూ పోతాయి, ధూళికి తెలియనే తెలియదు. సరిగ్గా కుదిరినప్పుడు మాత్రం ధూళి ఒక్క స్తంభంలా కదులుతుంది, మెత్తగా, నిండుగా. "ఇంకొంచెం విప్పండి," అనేదాన్ని. "ఇంకొంచెం. చాలు." ఆయన మారు మాట్లాడకుండా విప్పేవారు. పెళ్ళయిన ఆరేళ్ళలో మేమిద్దరం అంతసేపు ఒకే వస్తువుని చూసింది లేదు. కరెంటు వచ్చి ఫ్యాను తిరగడం మొదలెడితే ఇద్దరికీ ఎవరో పరాయివాళ్ళు గదిలోకి వచ్చినట్టుండేది. ఇంకా వెడల్పు రెక్కలు, ఇంకా పల్చటి బెండు, కొంచెం నిదానంగా తిరిగే రబ్బరు. గురిగింజలు పెరుగుతూ వచ్చాయి.

ఒకరోజు గింజలు సమానమై, ఇంకా నాలుగు పడ్డాయి. ఆయన దారం విప్పి, తిన్నగా నిలబెట్టి వదిలారు. అది ఆయన చేతిలోంచి లేచింది. తొందరపడలేదు. ఆయన భుజం దాటి, తల దాటి, తలుపు పైకమ్మీ దాకా వెళ్ళి, అక్కడ ఒక క్షణం నిలబడి, తిరుగుతూ తిరుగుతూ దిగింది. మా అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. "దేవా," అంది.

"కప్పు దాకా పోవాలి," అన్నాను నేను.

డాక్టరమ్మ వచ్చింది ఆ వారంలోనే. చెక్క గొట్టం పొట్ట మీద ఆనించి చాలాసేపు విన్నది. గొట్టం జరిపి మళ్ళీ విన్నది. ఆవిడ మొహంలోకి చూడకూడదని నేను కప్పుకేసి చూస్తున్నాను.

"చప్పుడు ఉన్నట్టే ఉంది, కానీ గట్టిగా అందటం లేదు," అంది చివరికి. "ఈపాటికి నీకు కదలిక తెలియాలమ్మా. సోమవారం మళ్ళీ వస్తాను. అప్పటిక్కూడా తెలియకపోతే ఆస్పత్రిలో చేర్చుకుని చూద్దాం."

చూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు. రెండుసార్లు చూశాం.

ఆవిడ వెళ్ళాక మా అత్తగారు నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నన్నేమీ అడగలేదు. అడిగితే అరుద్దామని సిద్ధంగా ఉన్నాను, ఆవిడ అడగకపోయేసరికి ఏడుపొచ్చింది. సాయంత్రం ఆయన వచ్చి నా మొహం, వాళ్ళమ్మ మొహం చూసి, బెండు కట్ట ముట్టుకోకుండా మూల కూర్చున్నారు.

"అక్కడ కూర్చుంటే రెక్కలు వాటంతటవే కోసుకుంటాయా?" అన్నాను.

"సంపూర్ణం..."

"సోమవారం లోపు అది కప్పుని తాకాలండీ. నాకు చూడాలనుంది."

అది మొక్కు కాదు. మేము మొక్కుకోం. అది తాకితే ఇది నిలుస్తుందని కూడా నేను అనుకోలేదు. అనుకోలేదని నాకు నేను చెప్పుకున్నాను. సోమవారం తర్వాత ఆ కప్పుని చూసే ఓపిక నాకు ఉండదని మాత్రం తెలుసు. ఇన్నాళ్ళూ ఒంటరిగా తిరిగిన చోటికి ఒక్కసారి ఎవరైనా వస్తే బాగుండును.

ఆదివారం సాయంత్రం కరెంటు పోలేదు. ఏ రోజు కావాలనుకుంటామో ఆ రోజే పోదు కదా! మా అత్తగారు తనే లేచి స్విచ్చి ఆపింది. "ఒక్కసారికే," అంది. "చూసుకుని వెంటనే ఏసేసుకోవాలి." విసనకర్ర తీసుకెళ్ళి బయట పెట్టింది. గుమ్మం దగ్గర, స్విచ్చి పక్కనే నిలబడింది.

ఆయన మెలికలు వేశారు. ఎంతసేపు వేశారో తెలియదు. రబ్బరు ముడులు పడి, ముడుల మీద ముడులు పడింది. రెండు చేతులతో ఎత్తిపట్టుకుని నా వైపు చూశారు. నేను ఎండ చారలోకి చూశాను. ధూళి నిలకడగా ఉంది.

"ఊఁ," అన్నాను.

అది లేచింది. చప్పుడేమీ లేదు, చీర కొంగు రాసుకున్నంత సవ్వడి తప్ప. ఎండ చారలోంచి దాటేటప్పుడు రెక్కలు ఒక్కసారి పసుపుగా వెలిగాయి. తలుపు పైకమ్మీ దాటింది. కిటికీలు దాటింది. అటక దాటింది. నేను అప్పటికే కప్పు మీద ఉన్నాను, గడపలు దాటుకుంటూ దానికి ఎదురు వెళుతున్నాను. ఫ్యానుకి మూరెడు దూరంలో అది వచ్చి దూలాన్ని ఆనుకుంది. మెల్లగా ఆనుకుని, అక్కడే తిరుగుతూ నిలబడింది. పడకుండా, పోకుండా. వచ్చావా అన్నాను. నిజంగా పైకే అన్నాను. మా ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడం కూడా మర్చిపోయి పైకి చూస్తున్నారు.

అప్పుడు మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. గుమ్మంలో గొంతు సవరించుకున్న చప్పుడయింది. మా పాస్టరు ఏసుపాదంగారు. ఆదివారం ఆరాధన అయ్యాక నా కోసం ప్రార్థన చేయడానికి వచ్చారు. తెల్ల చొక్కా చెమటకి తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"వందనాలు అయ్యగారూ, రండి రండి, కూర్చోండి," అంది మా అత్తగారు. ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే ఆవిడ చెయ్యి వెళ్ళి స్విచ్చి వేసింది.

ఆవిడని ఏమని తప్పుపట్టను? ఎండన పడి ఇంటికొచ్చిన మనిషికి ముందు ఫ్యాను వేస్తాం, తర్వాతే మంచినీళ్ళు. అందులోనూ అయ్యగారు. ఆ చెయ్యి ఆవిడని అడిగి వేయలేదు.

ఫ్యాను రెక్క ఒకటి బద్ధకంగా కదిలింది. రెండోది దాని వెనకాల వచ్చింది. దూలం దగ్గర హెలికాప్టరు తడబడి, ఒరిగి, ఫ్యాను వైపు జారడం మొదలుపెట్టింది. నాకు స్పష్టంగా కనిపిస్తోంది. ఇంకెవరికీ కనిపించడం లేదు. మా ఆయన అయ్యగారి వైపు తిరిగారు, మా అత్తగారు కుర్చీ తుడుస్తోంది. నా మోచేతులు రెండూ పరుపులోకి దిగాయి. భుజాలు లేచాయి. లేస్తే రెండు అడుగుల్లో స్విచ్చి. ఒళ్ళంతా లేస్తానంటోంది.

లేవలేదు. అంతకన్నా కష్టమైన పని నా జన్మలో ఇంకొకటి చేయలేదు. పళ్ళు బిగబట్టి వెనక్కి వాలి, అది ఫ్యానులోకి వెళ్ళిపోవడం కళ్ళారా చూశాను. టప్‌మని ఒక్క చప్పుడు. తెల్లటి ముక్కలు గదంతా పడ్డాయి. అయ్యగారి నెత్తి మీద ఒకటి పడింది.

"అయ్యో!" అంది మా అత్తగారు, చెంపలు పట్టుకుని. "అయ్యో నా చెయ్యి ఇరగా!"

పై రెక్కల జత విరగలేదు. అది అటూ ఇటూ తేలి వచ్చి నా పొట్ట మీద పడింది. చీర మీద అడ్డంగా, రెండు పొడుగాటి రెక్కలూ చెరోవైపు చాచుకుని. నాకు పట్టరాని కోపం వచ్చింది. అయ్యగారని కూడా చూడకుండా ఏదో అనడానికి నోరు తెరిచాను.

అప్పుడు రెక్క కొస కదిలింది.

ఫ్యాను గాలి, అనుకున్నాను. ఫ్యాను గాలికి కదలక ఏమవుతుంది? మళ్ళీ కదిలింది. రెండో కొస ఊరికే ఉంది, ఒక్క కొసే లేచి వాలింది. గాలైతే రెండూ ఊగాలి.

"ఫ్యాను ఆపండి!"

క్లాసులో అరిచినట్టే అరిచాను. కింద హమాలీలు కూడా పని ఆపారేమో, చప్పుడు లేదు. మా అత్తగారు ఏడుస్తూ స్విచ్చి ఆపింది. "అయ్యిపోయిందిగా అమ్మాయ్, ఇంకెందుకు ఆపడం? తప్పయిపోయింది. వాడు మళ్ళీ చేస్తాడులే."

"మాట్లాడకండి. ఎవరూ కదలకండి. ఏవండీ, ఇటు రండి. త్రాసు చూసినట్టు చూడండి."

ఆయనకి ముందు అర్థం కాలేదు. తర్వాత నా చూపు ఎక్కడుందో చూసి, మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చూపు రెక్కల ఎత్తుకి తెచ్చుకున్నారు. ఫ్యాను తిరుగుతూ, తిరుగుతూ, ఆగింది. అయ్యగారు నెత్తి మీద బెండు ముక్కతోనే, కుర్చీలో సగం కూర్చుని అలాగే ఉండిపోయారు.

రెక్క కొసలు రెండూ లేస్తున్నాయి, వాలుతున్నాయి. నా ఊపిరి అది. ఊపిరి బిగబట్టాను. కొసలు నిలిచాయి. ఏమీ లేదు. ఇంకా బిగబట్టాను. చెవుల్లో నా గుండె చప్పుడే. ఏమీ లేదు. ఊపిరి వదిలేశాను.

"ఇంకోసారి," అన్నారాయన చాలా మెల్లగా.

మళ్ళీ బిగబట్టాను. గది కూడా నాతో పాటు బిగబట్టింది. అంత కదలిక లేని గాలిని నేను ఆ వేసవి మొత్తంలో చూడలేదు. కళ్ళు మసకలు కమ్ముతున్నాయి, ఇక చాలు, ఇక లేదు అనుకుంటుండగా, ఎడమవైపు రెక్క కొస టక్కున లేచింది. గురిగింజంత లేచింది. వాలింది. మళ్ళీ లేచింది. ఈసారి అది లేవడంతో పాటే నాకు లోపల కూడా తెలిసింది. చిన్నది, చాలా చిన్నది. అయినా తెలిసింది. నాది కాని కదలిక అది, నా లోపల.

"ఎత్తింది," అన్నారు మా ఆయన. "సంపూర్ణం, ఎత్తింది." ఆ మాట అని, నుదురు మంచం పట్టెకి ఆనించేశారు.

నేను ఊపిరి పీల్చుకున్నాను. ఎన్నాళ్ళ ఊపిరో, ఎంత పీల్చినా చాలలేదు. ఒళ్ళంతా చెమటలు కారిపోతున్నాయని అప్పుడు తెలిసింది.

"అత్తయ్యా," అన్నాను, "ఇక ఫ్యాను వెయ్యండి. మా ఇద్దరికీ ఉక్కపోస్తోంది."

మా అత్తగారు వెయ్యలేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడిపోయింది. చివరికి అయ్యగారే కుర్చీలోంచి లేచి వెళ్ళి, ఆవిణ్ణి కాస్త పక్కకి జరిపి, స్విచ్చి వేశారు.